చుక్క పక్కన సెంటు ఎంత?

నంద్యాల జిల్లా గడివేములలో రోడ్డు పక్క సెంటుకు ఒక రేటు, లోపలి సందులో సెంటుకు మరో రేటు. ఇంటర్నెట్టులోనూ అదే లెక్క. కాకపోతే అక్కడ మట్టి ఉండదు, వెబ్ చిరునామాలో చుక్క తర్వాత రెండు మూడు అక్షరాలుంటాయి.

కరీబియన్ దీవి ఆంగ్విల్లాకు 1995లో .ఏఐ దక్కింది. అప్పుడెవరూ పట్టించుకోలేదు. కృత్రిమ మేధ (ఏఐ) మోజు ముదిరాక, 2023లో ఆ రెండక్షరాల మీద సుమారు 3.2 కోట్ల డాలర్లు రాలాయి. అంటే ప్రభుత్వ ఆదాయంలో ఐదో వంతు పైమాటే! దుక్కి లేదు, విత్తు లేదు, కేసీ కాలువ నీటికి ఎదురుచూపులూ లేవు. ఇక .కామ్ ఠీవి సరేసరి: వాయిస్.కామ్ అన్న ఒక్క పేరు 2019లో 3 కోట్ల డాలర్లు పలికింది.

మరి చుక్క తర్వాతి తోక మారిస్తే జనం ఎగబడతారా? కొత్త తోకైనా పాత తోకైనా వెతుకులాటలో తమకు ఒకటేనని గూగుల్ 2015లోనే తేల్చేసింది. .ఇన్ లాంటివి మాత్రం ఏ దేశపు పాఠకుల కోసమో చెబుతాయి, అంతే. అయినా ‘ఈ తోక తగిలించండి, ట్రాఫిక్కే ట్రాఫిక్కు’ అని అంటగట్టేవాళ్లకు కొదవ లేదు.

ఇక మన సంగతి: 2022 ఏప్రిల్ 4న పుట్టిన నంద్యాల జిల్లా వెబ్‌సైటుకు .జీఓవీ.ఇన్ తోక ఉంది. దాన్ని ప్రైవేటు వాళ్లకు అమ్మరు, బతికిపోయాం. తెలుగు లిపిలో .భారత్ తోకకూ 2011లోనే ఆమోదం దొరికింది. అందులో ఒక పేరు కొని పదింతలకు అమ్ముకున్న తెలుగువాడి కథ మాత్రం ఇంకా ఏ వాట్సాప్ గ్రూపులోనూ తిరగడం లేదు.