సీనియారిటీ లిస్టులో కందిరీగ

గోదావరిఖనిలో ఏ పంచాయితీ అయినా చివరికి సీనియారిటీ దగ్గరికే వచ్చి ఆగుతుంది. ఆ లెక్కేదో ముందే తేల్చేస్తే తర్వాత మాట పట్టింపులుండవు. గోదావరి లోయ బొగ్గు పెర్మియన్ యుగం నాటిది. అంటే 25 కోట్ల ఏళ్ల పైమాటే. గ్లోసాప్టెరిస్ అనే చెట్లు బురదలో కూరుకుపోయి, నలిగి, బొగ్గుగా మారిన కాలానికి కుట్టే కందిరీగ ఇంకా పుట్టలేదు. అది డైనోసార్ల హయాంలో డ్యూటీలో చేరింది. మనిషి మొన్న మొన్న వచ్చాడు. ఇల్లెందులో బొగ్గు తవ్వకం మొదలైంది 1889లో, కంపెనీకి సింగరేణి అన్న పేరొచ్చింది 1920లో, రామగుండం దిక్కు బొగ్గు బాయిలు తెరిచింది 1960లలో. ఈ లెక్కన బొగ్గు తర్వాత ఈ బెల్టులో అందరికన్నా సీనియర్ కందిరీగే. యైటింక్లయిన్ కాలనీలోని ఒక క్వార్టర్ వెనక సజ్జ కింద అది తుట్టె పెట్టిందంటే, ఎవరు ఎవరి జాగాలో ఉన్నారన్న ప్రశ్నకు చటుక్కున జవాబు చెప్పలేం.

ఆ ఇంటి పెద్దాయనకు ఈ వాదన నచ్చలేదు. ఆయన రిటైర్డ్ మైనింగ్ సర్దార్. క్వార్టర్ కొడుకు పేరు మీద ఉంది, పెత్తనం మాత్రం ఆయన పేరు మీదే ఉంది. వెనక పెరట్లో బీర పందిరి, జామచెట్టు, కరివేపాకు, మూలకు ఒక మల్లె. పొద్దున్నే బీరకాయ తెంపబోయిన ఇల్లాలు పందిరికి మూరెడు పైన సజ్జ కింద వేలాడుతున్నదాన్ని చూసి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఇగో, ఇటు రా. గిదేందో చూడు."

బూడిద రంగులో, బోర్లించిన చిన్న మూకుడంత తుట్టె. కింది నుంచి చూస్తే ఆరు పలకల గదులు వరసగా నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. కొన్నింటి అడుగున తెల్లటి గుడ్లు, కొన్నింట్లో తలలాడిస్తున్న పిల్ల పురుగులు, ఇంకొన్నింటికి తెల్లటి మూతలు. అంతటి కాపురమూ సన్నటి ఒక్క కాడ మీద వేలాడుతోంది. ఆ కాడ నల్లగా నిగనిగలాడటానికి కారణముంది. చీమలు దిగి గుడ్లు ఎత్తుకుపోకుండా కందిరీగలు తమ ఒంట్లోంచి ఊరే ఒక పదార్థాన్ని దానికి పూస్తాయి. లక్ష్మణరేఖలు గీసీ గీసీ విసిగిపోయిన ఇల్లాలికి ఈ సంగతి తెలిశాక వాటి మీద కొంత గౌరవం కలిగింది. సర్దార్‌కు కలగలేదు.

సర్దార్ పనిలో సగం పైకప్పు చూసుకోవడమే. బాయిలో మనుషుల్ని పనిలో పెట్టే ముందు కర్రతో కప్పును తట్టి చెవి పెట్టి వినాలి. కంగుమంటే గట్టిది. డొల్లగా పలికితే పైన రాయి విడిపోతున్నట్టు. అందర్నీ పక్కకు జరిపి, దాన్ని రాల్చేసో సపోర్టు పెట్టో గానీ ముందుకు పోకూడదు. ఏళ్ల తరబడి ఆ పని చేసిన చెయ్యి రిటైరైనా ఊరుకుంటుందా? తుట్టె ఎంత గట్టిగా పట్టుకుందో తేల్చుకుందామని పొరక తిరగేసి, దాని కట్టెతో సజ్జను టకటకా తట్టాడు. కందిరీగకు మనలాంటి చెవులు లేవు, అదిరింపును కాళ్లతోనే పసిగడుతుంది. ఓపెన్‌కాస్ట్‌లో బ్లాస్టింగ్‌కు కిటికీ అద్దాలు గలగలలాడినా కిక్కురుమనని తుట్టె, పొరక కట్టెకు మాత్రం కదిలింది. అన్నీ ఒక్కసారి రెక్కలు పైకి లేపి ఆయన వైపు తిరిగాయి. అది కందిరీగల భాషలో మొదటి షోకాజ్ నోటీసు. సర్దార్ వెనక్కి వచ్చేశాడు. పరుగనిపించకుండా, అయినా పరుగుకు ఏమాత్రం తీసిపోని వేగంతో.

సాయంత్రానికి విషయం గల్లీ అంతా పాకింది. గోడ అవతలి రిటైర్డ్ ఓవర్‌మన్ వచ్చాడు. సర్దార్ మీద అధికారం ఓవర్‌మన్‌ది. ఇద్దరూ దిగిపోయి ఏళ్లయినా ఆ తేడా ఇద్దరికీ గుర్తుంది. ఎదురింటి తెలుగు సారూ వచ్చాడు. ఆయన తుట్టెకేసి చేతులు జోడించినంత పనిచేసి భ్రమరకీట న్యాయం అందుకున్నాడు. తుమ్మెద పురుగును తెచ్చి గూట్లో పెట్టి, చుట్టూ ఝుంకారం చేస్తూంటే ఆ భయంతో తుమ్మెదనే తలుచుకుని తలుచుకుని పురుగు కూడా తుమ్మెదైపోతుందట. గురువు దగ్గర శిష్యుడూ అంతేనట. పెద్దలు చూసింది నిజమే. మట్టిగూడు కట్టే కందిరీగ గూట్లో గుడ్డు పెట్టి, గొంగళిపురుగును కుట్టి, చచ్చుబడేలా చేసి, తెచ్చి దాచి మూసేస్తుంది. కొన్నాళ్లకు ఆ గూట్లోంచి కందిరీగే ఎగిరొస్తుంది. మధ్యలో పిల్ల కందిరీగ ఆ పురుగును తినేసిందన్న ముక్క న్యాయంలోకి ఎక్కలేదు. శిష్యుల తరఫు వాదన ఎవరూ విననట్టుంది.

"సారూ, అది మట్టిగూడుది. ఇది కాయితం గూడు" అన్నాడు ఓవర్‌మన్. టెక్నికల్‌గా ఆయనదే రైటు.

ఆ కాయితం ఎట్లా తయారవుతుందన్నది బట్టలారేసే తీగకు పాతిన పాత కర్ర దగ్గర నిలబడితే ఎవరికైనా తెలిసిపోయే సంగతే. కందిరీగ వచ్చి రంగు వెలిసిన కర్ర మీద తల కిందికి పెట్టి వాలుతుంది, దవడలతో బరబరా గీకుతూ వెనక్కి వెనక్కి జరుగుతుంది. చెవి దగ్గర పెడితే ఆ చప్పుడు వినబడుతుంది కూడా. అది లేచిపోయాక కర్ర మీద లేత రంగు చార ఒకటి మిగులుతుంది. ఆ పీచును ఉమ్మితో నమిలి పలచగా పరిస్తే కాయితం. చింకి గుడ్డలతో కాయితం చేసుకుంటున్న యూరప్‌కు, కర్రతోనూ చేయొచ్చు, కందిరీగను చూసి నేర్చుకోండని రెయోమ్యూర్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త 1719లో చెప్పాడు. రామగుండంలో బల్లార్షా వైపు పోయే రైలెక్కితే దారిలోనే కాగజ్‌నగర్. నిజాం కాలంలో పెట్టిన సిర్పూర్ పేపర్ మిల్లు 2014లో మూతబడి 2018లో చేతులు మారి మళ్లీ తెరుచుకుంది. సజ్జ కింది మిల్లుకు మాత్రం లేఆఫ్ లేదు.

ఇంట్లో అసలైన నిపుణురాలు బెంగళూరులో చదువుతున్న మనవరాలు. వీడియో కాల్‌లో తుట్టెను చూపిస్తే, ఎరుపు కలిసిన ముదురు గోధుమ రంగు ఒంటిని, పొట్ట మీది పసుపు పట్టీని చూసి, "తాతా, రోపాలిడియా మార్జినాటా అయుంటది" అంది. దక్షిణాదిలో ఇళ్ల చూరుల కింద, కిటికీల మీద కనిపించే రకమే. బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో రాఘవేంద్ర గదగ్‌కర్ దశాబ్దాల తరబడి ఈ జాతిని చూస్తూ కూర్చుని, 2001లో దాని మీద పెద్ద పుస్తకమే తెచ్చారు. ఒక్కో కందిరీగ మీద రంగు చుక్కలు పెట్టి, ఏది ఎప్పుడు బయటికి పోయింది, ఏం తెచ్చింది, ఎవరితో తగువు పడింది అని రాసుకుంటారు. సర్దార్‌కు ఇది వెంటనే ఎక్కింది. టోకెన్ నంబరు, మస్టర్ లేకుండా ఏ పనైనా ఎట్లా నడుస్తుంది?

పనిచేసేవన్నీ ఆడవే అని మనవరాలు చెప్పినప్పుడు కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆడవాళ్లు భూగర్భంలో పనిచేయకూడదని 1952 గనుల చట్టం రాసి పెట్టింది. కేంద్రం దాన్ని సడలించింది 2019లో. ఇల్లాలే అడిగింది.

"మరి మొగోళ్లు ఏం జేస్తరే?"

"పుట్టినంక కొన్ని రోజులే గూట్లో ఉంటరు నానమ్మా. తర్వాత బయట తిరుగుడే."

"ఇండ్ల కొత్తేముంది?" అని ఆమె బీరకాయలు పట్టుకుని లోపలికి పోయింది.

రాణి సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. ఈ జాతిలో రాణి ఎవరినీ కరవదు, కసరదు. గూట్లో అందరికన్నా నెమ్మది అదే. వాసనతోనే ఏలుతుంది. దాన్ని తీసేస్తే మాత్రం అప్పటిదాకా కూలీగా ఉన్న ఒకతి నిమిషాల్లో వీరంగం మొదలుపెడుతుంది. పోటీకి ఇంకొకతి లేవదు. తర్వాతి రాణి ఎవరన్నది మనకు ముందుగా అంతుబట్టదు, వాటికి మాత్రం తెలిసే ఉంటుందని గదగ్‌కర్ బృందం 2008లో తేల్చింది. కొద్ది రోజులకు గుడ్లు పెట్టడం మొదలయ్యేసరికి ఆ కొత్త రాణి కూడా మెత్తబడిపోతుంది. సింగరేణిలో 1998 నుంచి గుర్తింపు సంఘానికి రహస్య బ్యాలెట్ ఎన్నికలు జరుగుతున్నాయి, 2023 డిసెంబరులోనూ జరిగాయి. గేట్ మీటింగుల్లో ఆ ఎన్నికల ప్రసంగాలన్నీ విన్న సర్దార్ అన్నదొకటే మాట: "గెలిచినంక మెత్తబడుడు కందిరీగలల్లనే ఉంటది." ఏ సంఘం గురించి అన్నాడో చెప్పలేదు. ఓవర్‌మన్ అడగనూ లేదు, ఇద్దరివీ వేరే వేరే జెండాలు.

ఇంత విన్నాక తుట్టెను వదిలేస్తారని ఎవరైనా అనుకుంటారు. వదల్లేదు. ఫోన్‌లో దొరికిన తెల్లదొర ఒకాయన, చలికాలం దాకా ఓపిక పట్టండి, గడ్డకట్టే చలికి అవే చస్తాయి అన్నాడు. ఆయన ఊళ్లో నిజమే. యూరప్‌లో, ఉత్తర అమెరికాలో చలికి కూలీలన్నీ పోయి కొత్త రాణులే మిగులుతాయి. గోదావరిఖనిలో డిసెంబరు చలికి మంకీ క్యాప్ పెట్టుకునేది మనుషులు. ఇక్కడి కందిరీగ ఏడాదిలో ఎప్పుడైనా కొత్త తుట్టె మొదలుపెట్టగలదు. ఎండాకాలం 45 డిగ్రీలు దాటినా, నోటితో నీటి చుక్కలు తెచ్చి గదుల మీద పెట్టి, రెక్కలతో విసురుకుని కాపురం చల్లబరుచుకుంటుంది. కరెంటు బిల్లు లేని కూలర్ అది.

దాంతో రాత్రి ఆపరేషన్ ఖాయమైంది. కందిరీగలు చీకట్లో గూటి మీదే ఉంటాయి, ఎగరవు. సబ్బు నీళ్లు చల్లితే ఒంటి పక్కలనున్న గాలి రంధ్రాలు మూసుకుపోయి చస్తాయి. గ్యాస్‌నూనె పోసి అంటించడం కన్నా ఇది వెయ్యి రెట్లు నయం. ఇంతవరకూ పథకంలో వంక పెట్టడానికి లేదు. ఒంటికి గొంగడి, కాళ్లకు పాత బూట్లు, చేతిలో మొక్కలకు మందు కొట్టే పంపు. గనికి రెండు దారులుండాలన్నది చట్టం కనుక ఓవర్‌మన్ రెండు దారులూ ఖరారు చేశాడు: ఒకటి పక్క సందు, రెండోది వంటింటి తలుపు. తాను విజిల్ పట్టుకుని జామచెట్టు అవతల నిలబడ్డాడు. సూపర్‌విజన్‌కు ఆ దూరం చాలట.

లైటు దగ్గర కథ అడ్డం తిరిగింది. బాయిలో క్యాప్ ల్యాంపు షిఫ్టు దిగగానే ల్యాంపు రూములో అప్పజెప్పాలి, ఇంటికి తెచ్చుకునే వస్తువు కాదు. అందుకని సర్దార్ లక్ష్మీనగర్‌లో నుదుటికి కట్టుకునే తెల్ల లైటు కొన్నాడు. చీకట్లో కదిలించిన కందిరీగకు దారి కనపడదు, వెలుగు కనపడుతుంది. వెలుగు మీదికే వస్తుంది. ఎర్ర లైటైతే దానికి సరిగ్గా ఆనదు. మొదటి చిమ్ముడు గురి తప్పి సజ్జకు తగిలింది. మరుక్షణం ఆ గల్లీలో వెలుగుతున్న అతి ప్రకాశవంతమైన వస్తువు సర్దార్ నుదురు.

ఆయన ఉరికాడు. లైటూ ఆయనతోపాటే ఉరికింది. రెండో దారి దగ్గరికి పోయేసరికి వంటింటి తలుపుకు లోపలి నుంచి గడియ ఉంది. కందిరీగలు ఇంట్లోకి రాకుండా ఇల్లాలు తీసుకున్న జాగ్రత్త.

"తలుపు తియ్యే!"

"ముందు లైటార్పయ్యా!" అంది ఆమె లోపల్నుంచి.

ఓవర్‌మన్ విజిల్ అప్పుడు మోగింది.

నుదుటి మీద రెండు, చెవి తమ్మె మీద ఒకటి. తేనెటీగకైతే ముల్లుకు కొక్కేలుంటాయి, మన చర్మంలో ఇరుక్కుపోతుంది, ఒక్కసారికే దాని పని సరి. కందిరీగ ముల్లు దాదాపు నున్నగా ఉంటుంది, ఎన్నిసార్లయినా వాడుకోవచ్చు. అమెరికాలో జస్టిన్ ష్మిట్ అనే కీటక శాస్త్రజ్ఞుడు రకరకాల పురుగుల చేత కుట్టించుకుని నొప్పికి 1 నుంచి 4 దాకా కొలమానం కట్టాడు; తేనెటీగకు 2 ఇచ్చాడు. దానికి 2015లో, నవ్వించే పరిశోధనలకిచ్చే ఇగ్ నోబెల్ కూడా వచ్చింది. కాలనీ కొలమానం ఇంతకన్నా సులువు: అబ్బా, అవ్వా, ఓరి నాయనో. సర్దార్ కేక మూడోదని మూడిళ్ల అవతలివాళ్లు కూడా ధ్రువీకరించారు.

వైద్యానికి గల్లీ మొత్తం దిగింది. ఒకరు సున్నం, ఒకరు ఉల్లిగడ్డ, ఇంకొకరు ఇనుము రుద్దాలని తాళంచెవుల గుత్తి. నిజానికి చేయాల్సింది సబ్బుతో కడిగి, చల్లటి గుడ్డ వేసి, దురదకు మాత్ర మింగడం. ఊపిరి ఆడకపోయినా, మొహం, గొంతు వాచినా, కళ్లు తిరిగినా, చాలా చోట్ల కుట్టినా మాత్రం ఆస్పత్రికి ఉరకాలి. అక్కడ అడ్రినలిన్ ఇంజెక్షన్ ప్రాణం నిలబెడుతుంది, తాళంచెవి నిలబెట్టదు. సర్దార్‌కు అంత రాలేదు. నుదురు ఉబ్బి, ఒక కన్ను సగం మూసుకుపోయింది.

తెల్లారి చాయ్ హోటల్ దగ్గర ఎంక్వైరీ జరిగింది. బాయిలో చిన్న ప్రమాదం జరిగినా ఎంక్వైరీ ఉంటుంది, ఇదీ అంతే. లైటు తప్పా, గురి తప్పా, గడియ తప్పా అని తర్జనభర్జన పడి లైటు మీదికి నెట్టేశారు, ఎందుకంటే అది ఎదురు మాట్లాడదు. చూసిన మొహాన్ని కందిరీగ పగబట్టి గుర్తుంచుకుంటుందని ఎవరో అన్నారు. అమెరికాలో ఒక జాతి కందిరీగలు తమలో తాము మొహాలు గుర్తుపట్టుకునే మాట నిజమే. రిటైర్డ్ సర్దార్లను గుర్తుపడతాయని ఇంతవరకూ ఎవరూ రాయలేదు.

తుట్టె అక్కడే ఉంది. బీర ఆకుల మీద గొంగళిపురుగులు తగ్గాయని ఇల్లాలు లెక్క చెప్తోంది. వాటిని పట్టి, నమిలి ముద్ద చేసి పిల్లలకు పెట్టేది ఈ కందిరీగలే కాబట్టి ఆ లెక్క కొట్టిపారేయలేం. సర్దార్ మాత్రం ఓటమిని ఒప్పుకోకుండా దాన్ని నిబంధనగా మార్చేశాడు. పందిరి చుట్టూ తాడు కట్టి, అట్టముక్క మీద "డేంజర్ జోన్, అనుమతి లేనిదే రావద్దు" అని ఎర్ర సిరాతో రాసి గేటుకే వేలాడదీశాడు. అది చదివినప్పటి నుంచి గ్యాస్ బండ తెచ్చే పిల్లగాడు గేటు బయటే బండ దింపుతున్నాడు. దాన్ని లోపలికి మోసుకుపోతున్నది సర్దారే. లోపలికి మోసినందుకు ఇచ్చే ముప్పై రూపాయలు మాత్రం పిల్లగాడు ఎప్పటిలాగే అడిగి తీసుకుంటున్నాడు, రిస్క్ అలవెన్స్ కింద.