రూటు లేని బస్సు

నాకు రూటు నంబరు లేదు, టైంటేబుల్ లేదు. హెల్సింకీలో తక్కిన బస్సులు పొద్దున డిపో వదిలేటప్పుడే రాత్రిదాకా ఎక్కడెక్కడ తిరగాలో తెలుసుకుని బయల్దేరతాయి. నాకు మాత్రం తర్వాతి స్టాపు తెరమీద పడేదాకా తెలిసేది కాదు. నన్ను నడిపే డ్రైవరుకీ అంతే. నా పేరు కుత్సుప్లుస్. తొమ్మిది సీట్ల చిన్న బస్సుని.

ఆల్టో విశ్వవిద్యాలయంలో జరిగిన పరిశోధన నాకు మూలం. అక్కణ్ణుంచి పుట్టిన అయెలో అనే చిన్న కంపెనీ నా సాఫ్ట్‌వేర్ రాసింది. ఆ ప్రాంతపు రవాణా సంస్థ హెచ్ఎస్ఎల్ నన్ను రోడ్డెక్కించింది. 2012 చివర్లో పరీక్షగా తిరిగాను, 2013లో అందరికీ అందుబాటులోకి వచ్చాను. మొదట మేం 10 బండ్లం, తర్వాత 15 అయ్యాం.

ఎక్కణ్ణుంచి ఎక్కడికి వెళ్లాలో ఫోన్లో చెబితే చాలు, ఎంతవుతుందో, ఎన్నింటికి వస్తానో ముందే తెలిసిపోయేది. నేను ఇంటి గుమ్మం దాకా వచ్చేదాన్ని కాదు, దగ్గరున్న బస్టాపుకి నడిచి రావాల్సి ఉండేది. దారిలో అటువైపే వెళ్లేవాళ్లు మరొకరు పిలిస్తే, లోపల కూర్చున్నవాళ్లకిచ్చిన వేళ దాటిపోదనుకుంటేనే అటు మళ్లేదాన్ని. మీ షేర్ ఆటోకి నేను దూరపు చుట్టాన్ని. అది సీట్లు నిండేదాకా కదలదు, కదిలాక తన రోడ్డు వదలదు. నేను ఒక్కరి కోసమైనా కదిలేదాన్ని, వీధులు మార్చేదాన్ని.

మొదట్లో నా ఛార్జీ 3.50 యూరోలు, ఆపైన కిలోమీటరుకు 45 సెంట్లు. అంటే పది కిలోమీటర్లకు 8 యూరోలు. మామూలు బస్సు టికెట్టు కన్నా ఎక్కువ, టాక్సీ కన్నా బాగా తక్కువ. ఆ ఊరి లైన్లు చాలామటుకు నడిబొడ్డు వైపే పోతాయి. ఒక పేట నుంచి పక్క పేటకి అడ్డంగా పోవాలంటే నడిబొడ్డుకెళ్లి బండి మారాల్సి రావచ్చు. జనవరి మంచులో బస్టాపు దగ్గర నిలబడి చూడండి, నన్నెందుకు పిలిచేవాళ్లో అర్థమవుతుంది.

మరి ఎందుకు మూతపడ్డాను? లెక్కలోనే ఉంది చిక్కంతా. బస్సు నడపడంలో పెద్ద ఖర్చు డ్రైవరు జీతం. రద్దీ వేళ పెద్ద బస్సు ఒక్క డ్రైవరుతో అరవై మందిని మోస్తుంది. నాలో ఆ తొమ్మిది సీట్లూ నిండడమే అరుదు. గంటకు ఎంతమందిని ఎక్కించావు అని అడిగితే నేను తలవంచుకోవాల్సిందే. ప్రయాణాలు మాత్రం ఏటేటా పెరిగాయి, 2015 నాటికి ఏడాదికి లక్ష దరిదాపుల్లోకి వచ్చాయి. అయినా ఛార్జీలతో వచ్చింది ఖర్చులో చిన్న వాటాయే. తక్కింది ప్రజల డబ్బు.

నన్నాపినవాళ్లది తప్పని అనను. అప్పట్లో పురపాలికల దగ్గర డబ్బుకి కటకటగా ఉండేది. కానీ అంత పెద్ద ఊళ్లో 15 బండ్లతో ఏం తేలుతుంది? ఇద్దరిని కలిపి తీసుకెళ్లాలంటే ఇద్దరూ ఒకే వైపు, ఇంచుమించు ఒకే సమయంలో బయల్దేరాలి. పిలుపులు తక్కువైతే ఆ జత కుదరదు. బండ్లు తక్కువైతే దగ్గర్లో ఉన్నదీ దూరంగానే ఉంటుంది, ఖాళీగా పరిగెత్తి వెళ్లాలి, అంతలో పిలిచినవాడు విసుగెత్తి వేరే దారి చూసుకుంటాడు. బండ్లు పెరిగితే ఈ లెక్క తిరగబడుతుంది. మమ్మల్ని వందల్లోకి పెంచాలన్న ఆలోచన కాగితం మీద ఉండేది. పెంచడానికి డబ్బు లేదు, పెంచకపోతే నష్టం తగ్గదు. 2015 డిసెంబరు 31న ఆగిపోయాను.

ఇంకో ప్రశ్న ఉంది, అదే అసలైనదని నా అభిప్రాయం. నేను రాకపోయుంటే నన్నెక్కిన మనిషి ఎలా వెళ్లేవాడు? కారు ఇంట్లో వదిలొచ్చాడంటే నేను నా కూడు సంపాదించుకున్నట్టే. పెద్ద బస్సు దిగి నన్నెక్కాడంటే, ప్రజల డబ్బుతో ఒక బస్సులో మనిషిని ఇంకో బస్సులోకి మార్చానంతే. నన్ను పిలిచి, బండి దొరక్క ఊరుకున్నవాళ్లు ప్రయాణాల పట్టికలో ఎక్కడా కనబడరు. వాళ్లనీ లెక్కపెట్టాలి.

పల్లెల సంగతి వేరు. అక్కడ నన్ను పోల్చాల్సింది ఇద్దరు ముసలివాళ్లతో ఖాళీగా తిరిగే పెద్ద బస్సుతో. ఆ పోటీలో చాలాసార్లు నేనే నెగ్గుతాను. మళ్లీ నగరాలకొస్తే, నా తర్వాత అమెరికాలోని కాన్సాస్ సిటీలో 2016లో ఇలాంటిదే పెట్టారు. ఏడాదిలో 1,500 ప్రయాణాలు కూడా దాటలేదు, మూసేశారు. యాప్ ఉంటే జనం వాళ్లంతట వాళ్లే వస్తారనుకోవడం పిచ్చి భ్రమ.

రేపు మీ ఊళ్లోనూ ఎవరో ఒకరు పిలిస్తే వచ్చే బస్సు తెస్తామంటారు. రిబ్బను కత్తిరించే ముందే నాలుగు ప్రశ్నలు అడగండి. ఎన్ని బండ్లు పెడతారు? ఎన్నాళ్లు ఆగి చూస్తారు? దేంతో పోల్చి తీర్పు చెబుతారు? నష్టం ఎక్కడిదాకా భరిస్తారు? జవాబులు కాగితం మీద రాయించుకోండి.