వెహికల్ నంబరు: 500-డి

బెంగళూరు బెళ్లందూరులో మా చిన్నాయన కొడుకుండే అపార్ట్‌మెంట్ గేటు దగ్గర ఒక రిజిస్టరు ఉంటుంది. పేరు, ఫ్లాటు, ఫోను, వెహికల్ నంబరు. మొదటి మూడూ నింపి పెన్ను కింద పెట్టాను. సెక్యూరిటీ కుర్రాడు నాలుగో గడి మీద వేలు పెట్టి "సార్, గాడీ నంబర్?" అన్నాడు. లేదన్నాను. నా వెనక్కి తొంగి చూశాడు, ఎక్కడో దాచుంటానని కాబోలు. గడి ఖాళీగా ఉంటే సూపర్‌వైజర్ తిడతాడట. పాపమనిపించి, నేను దిగొచ్చిన బస్సు నంబరు రాశాను: 500-డి. కుర్రాడు తృప్తిగా తలూపాడు. ఈలోగా మూడు కార్లు రిజిస్టరు ముఖం చూడకుండానే, సెల్యూట్లందుకుంటూ లోపలికి పోయాయి.

నాకు బండి నడపడం రాదు. ప్రయత్నించక కాదు. హిందూపురంలో ఇరవయ్యేళ్ళప్పుడు లైసెన్సుకని వెళితే ఎనిమిది వెయ్యమన్నారు. ఒక సున్నా వేసి కాలు కింద పెట్టేశాను. రెండో సున్నా ఇంకా బాకీ.

ఊళ్ళో ఆ బాకీ ఎవరూ అడగలేదు. బెంగళూరొచ్చాక అందరూ అడిగేవాళ్ళే. "ఏం నాయనా, ఇంత జీతమొస్తాంది గదా, కారు కొనుక్కోరాదా?" అన్నారు మా మామగారు.

"కొంటే నడిపేదెవరు మామా?"

"నడిపేదానికి కాదు నాయనా. వాకిట్లో ఒకటి నిలబడుండాల."

ఔటర్ రింగురోడ్డు మీద కార్లు చేస్తున్నది సరిగ్గా ఆ పనే. వాకిలి మాత్రం సిల్క్ బోర్డు జంక్షన్ దగ్గరుంది.

ఆ రోడ్డు మీదే 2019లో బస్సులకంటూ ఒక లేన్ విడదీసి, పక్కన స్తంభాలు పాతారు. అదున్నన్నాళ్ళూ నేను జమీందారుని. కదలని కార్ల పక్కనుంచి మా బస్సు సాగిపోతుంటే కిటికీలోంచి ప్రజల్ని దయగా చూసేవాణ్ణి. తరవాత మెట్రో పనులొచ్చాయి, స్తంభాలు పోయాయి, నా జమీందారీ రద్దయింది.

ఆ మెట్రో కథ కూడా చెప్పాలి. 2023 మార్చిలో వైట్‌ఫీల్డ్ నుంచి కె.ఆర్.పురం దాకా రైలు మొదలైంది. పాత లైను బైయప్పనహళ్ళి దగ్గరే ఆగుంది. మధ్యలో రెండు కిలోమీటర్లు చిల్లర మిగిలింది. అక్టోబరు 9న ఆ ముక్క అతికేదాకా రైలు దిగి, ఫీడర్ బస్సెక్కి, అదీ దిగి మళ్ళీ రైలెక్కాం. అన్నం ఒక పందిట్లో, పప్పు పక్క పందిట్లో వడ్డించినట్టు!

ఇప్పుడు రైలుకు ఏ లోటూ లేదు. అసలు ప్రయాణం కుందలహళ్ళి స్టేషను మెట్లు దిగాక మొదలవుతుంది.

"మారతహళ్ళి బర్తీరా?"

"బరల్ల."

మొదటి ఆటో ఆయన రానన్నాడు. రెండో ఆయన వస్తాడు కానీ, "మీటర్ మేలె ఐవత్తు." మీటరు మీద యాభై. 2025 ఆగస్టు నుంచి మొదటి రెండు కిలోమీటర్లకు 36 రూపాయలని రేటు కట్టారు. ఆ మీటరు ఆటోలో దేవుడి పటం పక్కనే, అంతే పవిత్రంగా, ఎవరూ ముట్టకుండా ఉంటుంది. నాకున్న కన్నడమంతా ఖర్చుపెట్టి బేరమాడుతుంటే ఆయనకు ఫోనొచ్చింది. "వస్తాండా, అన్నం పెట్టు" అన్నాడు. నా ప్రాణం లేచొచ్చింది.

"అన్నా, మనోళ్ళేనా! ముందే చెప్పొచ్చు గదా!"

"మనోళ్ళని తెలిసే గదా యాభై చెప్పింది. లేకుంటే వంద అడుగుదును."

పోనీ నడుద్దామంటే ఫుట్‌పాత్ ఉంది. మోకాలెత్తు. ప్రతి గేటు దగ్గరా దిగాలి, దాటాక ఎక్కాలి. ఎక్కితే ట్రాన్స్‌ఫార్మరు, దాని కంచెకు ఆనుకుని పానీపూరీ బండి, ఆ తరవాత బండ లేచిపోయిన గొయ్యి, అందులో ఏ పుణ్యాత్ముడో గుర్తుగా పాతిన వేపకొమ్మ. కొమ్మను తప్పుకుంటుంటే వెనకనుంచి హారన్. స్కూటరు, ఫుట్‌పాత్ మీదే! "సార్, సైడ్" అన్నాడు. రోడ్డు మీదకి దిగి దారిచ్చాను. ఎంతైనా లైసెన్సున్నవాడు.

మా ఆవిడకూ నడపడం రాదు గానీ, ఆవిడ హోదా వేరు. 2023 జూన్ 11 నుంచి శక్తి పథకంలో కర్ణాటక ఆడవాళ్ళకు మామూలు ప్రభుత్వ బస్సుల్లో ప్రయాణం ఉచితం. కండక్టరు ఆవిడకు సున్నా రూపాయల టికెట్ చింపిచ్చి, నా వైపు తిరిగి చెయ్యి చాస్తాడు. నాకు బాకీ ఉన్న ఆ రెండో సున్నా ఆవిడకు రోజూ అందుతోందన్నమాట.

పోయిన ఆదివారం మా బెళ్లందూరు తమ్ముడు స్టేషనుకొచ్చి తన కారులోనే ఇంటికి తీసుకెళ్ళాడు. గేటు కర్ర లేచింది, సెల్యూట్ పడింది. అంతలో ఆ కుర్రాడు నన్ను గుర్తుపట్టి కిటికీ దగ్గరకొచ్చాడు. కారు వైపు, నా వైపు మార్చి మార్చి చూసి, పరామర్శ గొంతుతో అడిగాడు:

"సార్, 500-డి రిపేరుకిచ్చారా?"