చక్రపృష్ఠ శాసనము: టీకా తాత్పర్య విశేష సహితము

అవతారిక

స్పోర్ట్స్ సెడాన్ కొన్నవాడికి తొలి ఆరునెలలు ఇంజిను మీద ప్రేమ, ఆ పైన చక్రాల మీద మోహం. ఈ ఘట్టంలో నాయకుడు స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ 245. 2020లో మన దేశానికి 200 బండ్లే వచ్చాయి, అవీ పరాయి గడ్డ మీద పూర్తిగా తయారై ఓడ దిగినవి. (వెనుక తలుపు అద్దంతో సహా పైకి లేచే బండిని సెడాన్ అనవచ్చునా అని శాస్త్రచర్చ ఉంది. లోకం సెడాన్ అంటున్నది, లోకవ్యవహారమే ప్రమాణం.) దాని పుట్టుచక్రాలు ఊడదీసి బయటి అలాయ్‌లు తొడగడం కథావస్తువు.

అలాయ్ చక్రానికి ముఖమూ వీపూ రెండూ ఉన్నాయి. కొనేవాళ్లు ముఖం చూస్తారు. స్పోకులు ఐదా పదా, నలుపా గన్‌మెటలా అని దుకాణంలో రెండు గంటలు తర్జనభర్జన పడి, ఫోన్లో ఫొటో తీసి ఇంటికి పంపి, ఇంటినుంచి "పాతవే బాగున్నాయి కదా" అనే జవాబు అందుకుంటారు. కవి మాత్రం తన పద్యాన్ని వీపు మీద అచ్చుపోశాడు. తిప్పి చదివినవాడే పాఠకుడు.

మూలము

18 × 8 జె, 5 × 112
ఈటీ 45, సీబీ 66.6

పాదాలు రెండు కనుక ద్విపద. ప్రాస లేదు కనుక మంజరి. యతిస్థానంలో గుణకారపు గుర్తు పడింది, క్షంతవ్యం.

టీక

18 = పదునెనిమిది అంగుళముల వ్యాసము కలదియు, 8 = ఎనిమిది అంగుళముల వెడల్పు కలదియు, జె = టైరు అంచును పట్టి యుంచెడు పెదవికి ఆ పేరుగల ఆకృతి కలదియు, 5 × 112 = నూటపండ్రెండు మిల్లీమీటర్ల వృత్తము మీద ఐదు బోల్టు రంధ్రములు కలదియు, ఈటీ 45 = బండికి ఆనెడు ముఖము చక్రపు నడిగీతకు నలువదియైదు మిల్లీమీటర్లు వెలుపల నున్నదియు, సీబీ 66.6 = నడుమ అరువదియారు చిల్లర మిల్లీమీటర్ల బిలము కలదియు అగు చక్రము. "తీసుకోండి సార్" అని అన్వయము. క్రియాపదం మూలంలో లేదు, దుకాణదారు నోట ఉంది.

"18" అను పదమునకు విశేషము

ఇక్కడ బావమరిది పూర్వపక్షం చేస్తాడు. "పద్దెనిమిది ఎవరు చూస్తున్నారు బావా, పంతొమ్మిది వేయించు." ఇది తోసిపుచ్చదగిన వాదం కాదు, లెక్క చూడాలి. పుట్టుటైరు 225/40 ఆర్ 18. టైరు పక్కగోడ ఎత్తు 225లో 40 శాతం, అంటే 90 మిల్లీమీటర్లు. రిమ్ముతో కలిపి మొత్తం వ్యాసం 637. పంతొమ్మిదికి వెళితే 225/35 వేయాలి. వ్యాసం 640 దగ్గర ఆగుతుంది, స్పీడోమీటరు పెద్దగా అలగదు. కానీ పక్కగోడ 79 అవుతుంది. పోయింది 11 మిల్లీమీటర్ల రబ్బరూ గాలీ. వచ్చింది అంత లోహం. వానాకాలం హైదరాబాదులో నీళ్లు నిండిన గుంట లోతు తెలియదు. ఆ గుంటకూ రిమ్ముకూ నడుమ మధ్యవర్తిత్వం చేసేది ఈ పక్కగోడ ఒక్కటే. రిమ్ బెండు తీసేవాడి కొట్టు ముందు నిలబడి చూస్తే ఎవరి చక్రాలు ఎక్కువగా వస్తున్నాయో పూర్వపక్షికే అర్థమవుతుంది. సిద్ధాంతం: పద్దెనిమిదే.

ప్రసంగవశాత్తు, టైరు మీద 92 వై అని మరో శాసనం ఉంటుంది. 92 అంటే ఒక్కొక్క టైరు 630 కిలోలు మోయగలదని. వై అంటే గంటకు 300 కిలోమీటర్ల వరకూ తాళుతుందని. మన అవుటర్ రింగ్ రోడ్డు మీద హద్దు 120. అలంకారం అతిశయోక్తి.

"8 జె", "ఈటీ 45" కలిపి చదువవలెను

విడివిడిగా చదివినవాళ్లు మోసపోతారు. పుట్టుచక్రం 7.5 జె, ఈటీ 51. కొత్తది అర అంగుళం వెడల్పు. అందులో సగం, అంటే 6.35 మిల్లీమీటర్లు, బయటికి. ఈటీ 51 నుంచి 45కి దిగింది. అంకె తగ్గినకొద్దీ చక్రం బయటికి జరుగుతుంది కనుక ఇంకో 6, అదీ బయటికే. మొత్తం 12.35 మిల్లీమీటర్లు ఫెండరు వైపు. లోపలివైపు మాత్రం 6.35 పెరిగి 6 తగ్గి, మిగిలింది గోటిమందం. అంటే సస్పెన్షన్ స్తంభానికి భయం లేదు. పరీక్ష అంతా ఫెండరు అంచుకే.

ఆ పన్నెండు మిల్లీమీటర్లే లోకం ముచ్చటపడే "స్టాన్సు". అవే ఒక మితం దాటితే వెనుక సీట్లో అత్తామామలు కూర్చుని స్పీడు బ్రేకరు ఎక్కినప్పుడు టైరు ఫెండరు లోపలి లైనింగును గీరుతుంది. దుకాణంలో ఖాళీ బండి మీద సరిపోయిందని డబ్బు లెక్కపెట్టకూడదు. నలుగురిని ఎక్కించి, స్టీరింగు ఆ కొసకూ ఈ కొసకూ తిప్పి, తరువాత జేబులో చెయ్యి పెట్టాలి. వెడల్పు సంగతికొస్తే, 225/40కి టైరు కొలతలవాళ్లు ప్రమాణంగా తీసుకునే రిమ్ 8 అంగుళాలదే కాబట్టి కవి ఔచిత్యం చెడలేదు.

"5 × 112" అనుచోట

5 × 114.3 అని ఇంకొక చక్రజాతి ఉంది. అది సరిగ్గా నాలుగున్నర అంగుళాలు. మనవద్ద జపాను, కొరియా బండ్లలో తరచు కనబడేది. "రెండు మిల్లీమీటర్లే కదన్నా, బిగిస్తే కూర్చుంటది" అని టైరు షాపు కుర్రవాడు వ్యాఖ్యానిస్తాడు. నిజమే, కూర్చుంటుంది, బోల్టు వంకరగా కూర్చుంటుంది. వ్యాకరణంలో విభక్తి తప్పితే పండితుడు నవ్వి ఊరుకుంటాడు. ఇక్కడ తప్పితే చక్రం ఊరుకోదు.

పాఠాంతరములు

66.6కు బదులు కొన్ని ప్రతులలో 66.5 అని ఉంది, అర్థభేదం లేదు. మరికొన్నింట 73.1. అది వేరే పాఠమే, ఐనా సమన్వయం చేయవచ్చు. ఆక్టేవియా హబ్బు 57.1. చక్రం చేసేవాడు పది బండ్లకూ పనికిరావాలని బిలం పెద్దది పెడతాడు. ఆ సందును పూడ్చేది హబ్ రింగు. బయటి కొలత చక్రానిది, లోపలి కొలత బండిది. ఈ రింగు వేయకుండా బిగించిన బండి ఊళ్లో బుద్ధిగా నడిచి, ఎనభై తొంభై దాటగానే స్టీరింగులో వణుకు పుట్టిస్తుంది. అప్పుడు షాపువాడు బ్యాలెన్సింగు మళ్లీ చేస్తాడు, తూకపు ముక్కలు మార్చి అంటిస్తాడు, అలైన్‌మెంటు బిల్లు వేస్తాడు. వణుకు అలాగే ఉంటుంది. ఆ మూడు బిల్లుల డబ్బుతో రింగులు కొన్ని జతలు వచ్చేవి.

అధ్యాహారము

మూలంలో లేనిది రాయనని మల్లినాథసూరి ప్రతిజ్ఞ. ఆయనది మెదక్ సీమలోని కొల్చారమని చెబుతారు. ఆ మహానుభావుడికి అలాయ్ చక్రం ఎదురుపడలేదు కనుక ప్రతిజ్ఞ నిలిచింది. ఈ పద్యంలో అన్నిటికన్నా ముఖ్యమైన మాటను కవి చెప్పనే లేదు. వ్యాఖ్యాత బయటినుంచి తెచ్చి పూరించక తప్పదు. అది బోల్టు సీటు.

స్కోడా, ఫోక్స్‌వ్యాగన్ బండ్ల పుట్టుబోల్టుకు తలకింద భాగం గోళంలా గుండ్రంగా ఉంటుంది; పుట్టుచక్రపు రంధ్రంలో దానికి తగిన గుంట. బయటి అలాయ్‌లలో చాలావాటికి ఆ గుంట శంకువు ఆకారంలో, 60 డిగ్రీల వాలుతో ఉంటుంది. గోళాన్ని శంకువులో పెట్టి తిప్పండి: ఎక్కుతుంది, బిగుస్తుంది, టప్పుమని చప్పుడూ చేస్తుంది. కానీ లోపల ఆనేది సన్నని గీత మేర మాత్రమే. నడిచినకొద్దీ అల్యూమినియం ఆ గీత దగ్గర అరిగి బోల్టు వదులవుతుంది. పాత బోల్టే ఎం14 × 1.5 మర కదా, పడుతోంది కదా అనడం సగం చదువు. మర ఒకటే, సీటు వేరు. పొడుగు కూడా చూడాలి: ఆరేడు చుట్లైనా ఎక్కకపోతే పట్టు చాలదు, మరీ పొడుగైతే లోపల దేనికో తగులుతుంది. ముఖం చూసి రెండు గంటలు గడిపినవాడు సీటు చూడడానికి రెండు నిమిషాలు ఇవ్వడు, అందుకే ఈ టీక.

ఇక బిగింపు. ఆక్టేవియాకు 120 న్యూటన్ మీటర్లు. రోడ్డుపక్క సంప్రదాయం పానా మీద ఎక్కి నిలబడడం. డెబ్బై కిలోల మనిషి అడుగు పొడవు పానా చివర నిలబడితే 200 దాటుతుంది. గాలి గన్ను సంగతి గన్నుకే తెలియాలి. టార్క్ రెంచి అడగండి. ఇస్తే ఆ షాపు మంచిది. ఒకదాని తరువాత దాని పక్కది కాక, ఒకటి విడిచి ఒకటి నక్షత్రం గీసినట్టు బిగించాలి. యాభై, వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి రెంచి పెట్టి చూడాలి.

ధర్మశాస్త్రము

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను తయారీదారు నిర్దేశాలు దాటి బండిని మార్చవద్దంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ మాటే గట్టిగా చెప్పింది. కొలత మారకపోతే అలాయ్‌ను ఎవరూ పట్టించుకోరని దుకాణస్మృతి. శ్రుతికీ స్మృతికీ విరోధం వస్తే శ్రుతిదే బలం. బీమా కంపెనీకి ముందే ఉత్తరం రాసి ఉంచుకోవడం మేలు.

పరిశిష్టము

డిక్కీలోని స్టెప్నీ కంపెనీదే. దానికి గోళపు సీటే. నాలుగు చక్రాలకూ శంకువు బోల్టులు వేయించి పాతవి షాపులో వదిలేసి వచ్చినవాడు, పంక్చరైన రాత్రి స్టెప్నీని ఏ బోల్టులతో బిగిస్తాడు? కాబట్టి పాత బోల్టుల్లో ఐదింటిని గుడ్డలో చుట్టి స్టెప్నీ గుంటలోనే పెట్టాలి. దొంగల భయంతో లాక్ బోల్టులు వేయిస్తే వాటి తాళపు ముక్క కూడా అక్కడే. గ్లవ్‌బాక్సులో పెట్టమని కొందరి పాఠం. సర్వీసుకు ఇచ్చిన బండిలో వస్తువులు మాయమయ్యేది ఆ పెట్టెలోంచే కనుక అది గ్రాహ్యం కాదు.