మీ ఇంటి తోడేలుకు పచ్చి మేత

ముందు నా అర్హతలు చెప్పుకోవాలి. నేను పశువుల డాక్టర్ని కాను. నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలంలో, మైపాడు పోయే దారి పక్కన, పన్నెండేళ్ళుగా వనామీ రొయ్యను సాకుతున్నవాణ్ణి. మేత వేశాక చెక్‌ట్రే పైకెత్తి, అడుగున ఎన్ని గింజలు మిగిలాయో చూసి, తర్వాతి పూట మేత ఎంత తగ్గించాలో లెక్క కట్టే రకం. మాంసకృత్తులు 35 శాతం ఉన్నాయా లేదా అని బస్తా మీది అచ్చును కళ్ళజోడు పెట్టుకుని మరీ చదువుతాను. ఆ మేత కూడా ఆవిరి పట్టించి గింజ కట్టిందే. కుళ్ళేది ఏదైనా చెరువులో పడితే నీళ్ళు చెడతాయని మా దగ్గర బడికి పోని పిల్లాడికి కూడా తెలుసు. పెట్టుబడిలో సగం పైన మేతకే పోతుంటే జాగ్రత్త పడక చస్తామా?

కుక్క సంగతి వేరు. దాన్ని కిలో లెక్కన ఎవరూ కొనరు. కాబట్టి దాని మేతకు లెక్క అక్కర్లేదు, ధైర్యం ఉంటే చాలు. ఆ ధైర్యం నాకెట్టా వచ్చిందో, మీరెట్టా తెచ్చుకోవాలో చెబుతాను.

మా సీజర్ లాబ్రడార్. రెండేళ్ళు వచ్చిందాకా మా అమ్మ చేతి అన్నం తిని పెరిగాడు. ఒకనాడు డాలస్ నుంచి మా మేనల్లుడు ఫోన్ చేసి, "మామా, కుక్కంటే తోడేలు. తోడేలు కుక్కర్ పెట్టుకుంటుందా?" అన్నాడు. నా నోట మాట రాలేదు. ఇన్నాళ్ళూ ఒక తోడేలుకు పెరుగన్నం కలిపి పెట్టామే అని సిగ్గేసింది. ఈ పచ్చి మేతకు ఊరూరా పేరు తెచ్చినవాడు ఇయన్ బిల్లింగ్‌హర్స్ట్ అనే ఆస్ట్రేలియా పశువైద్యుడు. కుక్కకు ఎముకలు వెయ్యమని 1993లో పుస్తకం రాశాడు. కూరగాయలు, గుడ్లు, కార్జం కూడా కలపమన్నాడు గానీ ఆ పేజీలు మనకొద్దు. సలహా అనేది వినేవాడికి నచ్చిన ముక్క వరకే ఉండాలి.

అందువల్ల మీరు చేయాల్సిన మొదటి పని మీ కుక్క తోడేలని నమ్మడం. ఉరుము ఉరిమితే మంచం కింద దూరినా, పాలవాణ్ణి చూసి తోక ఊపినా నమ్మకం సడలనీయకండి. 2013లో స్వీడన్ శాస్త్రవేత్తలు కొందరు ఒక చెడ్డ పని చేశారు. పిండిపదార్థం అరిగించే జన్యువు తోడేలుకు రెండు కాపీలుంటే కుక్కకు నాలుగు నుంచి ముప్పై దాకా ఉన్నాయని తేల్చారు. అంటే మనిషి పక్కన చేరి, గింజ తిని, గంజి తాగి మారిపోయిన జంతువన్నమాట. మొలగొలుకుల అన్నం అరిగించుకోను పొట్ట సిద్ధం చేసుకుని పుట్టింది. ఈ సంగతి కుక్క చెవిన పడకుండా చూసుకోండి.

ఇంట్లో ఉన్నది కూన అయితే మరీ మంచిది. ఒట్టి మాంసం పెట్టండి, ఇంకేమీ వద్దు. ఎదిగే కూనకు భాస్వరం కంటే కాల్షియం ఓ పిసరు ఎక్కువ ఉండాలంటారు. ఒట్టి మాంసంలో లెక్క తలకిందులు, భాస్వరమే పది పదిహేను రెట్లు. రక్తంలో తగ్గిన కాల్షియాన్ని ఒళ్ళు తన ఎముకల్లోంచే తోడుకుంటుంది. నెలా రెండు నెలల్లో ముందు కాళ్ళు విల్లులా వంగుతాయి. చూసేవాళ్ళు బుల్‌డాగ్ అనుకుంటారు, ఆ లాభం ఎటూ ఉంది.

ఇక సరుకు ఎక్కడ కొనాలి? నెల్లూరులో ఉండి ఈ ప్రశ్న అడగడమే తప్పు. ఏ చికెన్ స్టాల్ వెనకైనా నీలం డ్రమ్ము ఒకటి ఉంటుంది. మనం స్కిన్‌లెస్ అడిగి వదిలేసిన తోలు, తలకాయలు, కాళ్ళు, పేగులు అన్నీ అందులోకే. మధ్యాహ్నానికి మూత తియ్యకుండానే వాసన పలకరిస్తుంది. ఆ డ్రమ్ములు ఎక్కడికి పోతాయో ఈ జిల్లాలో చెప్పక్కర్లేదు. రాత్రిళ్ళు చెన్నై నుంచి, బెంగళూరు నుంచి కూడా ఇట్టాంటి సరుకు వ్యాన్లలో వచ్చి చేపల చెరువుల్లో దిగుతుంది. అప్పుడప్పుడు అధికారులు పట్టుకుంటారు, మర్నాడు పేపర్లో డ్రమ్ముల ఫొటో పడుతుంది, నాలుగు రోజులకు వ్యాన్లు మళ్ళీ తిరుగుతాయి. పెంచకూడదని నిషేధించిన ఆఫ్రికా క్యాట్‌ఫిష్‌కు ఈ విందు మహా ఇష్టం. చెరువులో చేప నా కుక్క కంటే ముందే పచ్చి మేతకు మారిందని తెలిసి నాకు పౌరుషం పుట్టుకొచ్చింది. అదే డ్రమ్ములోంచి రెండు కిలోలు తోడించుకున్నాను. కుర్రాడు డబ్బులు కూడా తీసుకోలేదు. "మీ చెరువుకా అన్నా?" అన్నాడు. కుక్కకంటే నమ్మలేదు.

అమ్మ వాకిట్లోనే ఆపింది. "ఏందిరా ఆ కంపు? చేపలకే వెయ్యొద్దంటున్నారు, బిడ్డకు పెట్టబాకరా," అంది. ముసలోళ్ళకు తోడేళ్ళ శాస్త్రం తెలియదు. పట్టించుకోకండి.

కొందరు బర్డ్ ఫ్లూ అంటూ అడ్డం పడతారు. 2024 ఫిబ్రవరిలో మన జిల్లాలోనే పొదలకూరు మండలం చాటగొట్లలో, కోవూరు మండలం గుమ్మళ్ళదిబ్బలో కోళ్ళు కుప్పలుగా చచ్చిపోయి, బర్డ్ ఫ్లూ అని తేలి, చుట్టుపక్కల చికెన్ దుకాణాలు మూయించారు. బాగా ఉడికించి తింటే భయం లేదని అప్పుడు ఊరూరా చెప్పారు. ఉడికిస్తే అన్నారు గానీ పచ్చిగా తింటే ఏమవుతుందో మనిషికెవరూ చెప్పలేదు, మనిషి పచ్చిగా తినడు గనక. అమెరికాలో ఆరెగాన్ రాష్ట్రంలో అదే ఏడాది డిసెంబరులో ఒక ఇంటి పిల్లి పచ్చి టర్కీ కోడి మేత తిని ఈ జబ్బుతోనే పోయింది. అది పిల్లి గదా, మనది తోడేలు అని సర్దిచెప్పుకోవచ్చు. నేనూ అట్టాగే చెప్పుకున్నాను. కానీ 2025 మార్చిలో నరసరావుపేటకు చెందిన రెండేళ్ళ పసిబిడ్డ పోయింది. ఇంట్లో కోడి కోస్తుంటే ఒక పచ్చి ముక్క నోట్లో పెట్టుకుందని పెద్దవాళ్ళు చెప్పారు. అది బర్డ్ ఫ్లూ అని పుణెలోని వైరాలజీ సంస్థ నిర్ధారించింది. ఆ వార్త చదివిన పూట డ్రమ్ము దాకా పోయి ఖాళీ సంచితో వెనక్కి వచ్చాను. సలహాలిచ్చేవాడికి ఇట్టాంటి బలహీనతలు ఉండకూడదు. మీరు పేపరు చదవకుండా ఉంటే సరిపోతుంది.

కోడి మానేస్తే గొర్రె ఉంది. నెల్లూరు గొర్రె అంటే దేశంలోనే ఎత్తయిన జాతి, జొడిపి, పల్ల, దొర అని మూడు రకాలు. కుక్కకు కండ పెట్టడం దండగ. ఆదివారం పొద్దున్నే మటన్ కొట్టు దగ్గరికి పోతే ఎవరూ కొనని కార్జం ముక్కలు, ఊపిరితిత్తులు దొరుకుతాయి. ముఖ్యంగా నీటి బుడగలు పట్టినవి అడిగి తీసుకోండి, అవి ఊరికే ఇస్తారు. ఆ బుడగల్లో ఒక బద్దెపురుగు పిల్లలు ఉంటాయి. కుక్క పేగులో చేరి పెద్దవవుతాయి. పెద్దవంటే మరీ కాదు, బియ్యపు గింజంత. కుక్కకు తెలియను కూడా తెలియదు, హాయిగా తిరుగుతుంది. గుడ్లు మలంలో వచ్చి, మన్నులో కలిసి, బొచ్చుకంటి, చేతికంటి, చివరికి మనిషి కడుపులోకి చేరతాయి. అక్కడ గొర్రెకు ఎట్టా కట్టాయో మనకూ కార్జంలోనో ఊపిరితిత్తిలోనో అట్టాగే నీటితిత్తులు కడతాయి. ఏళ్ళ తరబడి నిదానంగా పెరుగుతాయి. ఆపరేషన్ చేసే డాక్టరు, "ఇంట్లో కుక్క ఉందా?" అని అడుగుతాడు. "తోడేలు ఉంది సార్," అని చెప్పండి.

సముద్రం పక్కన ఉండి చేప పెట్టకపోతే మనల్ని చూసి నవ్వుతారు. తెల్లారకముందే మైపాడు ఒడ్డుకు పొండి. ఫైబర్ బోట్లు ఇసక మీదికి లాగేసరికి పాట మొదలవుతుంది. వంజరానికి, చందువాకు మీరు పోటీ పడలేరు, చెన్నై వ్యాపారులు నిలబడి ఉంటారు. మనకు కావాల్సింది కవళ్ళు, నెత్తళ్ళు. వాటిని రోజూ పచ్చిగా, అవి మాత్రమే పెట్టండి. పచ్చి నెత్తళ్ళలో, కవళ్ళలో బి1 విటమిన్‌ను విరగ్గొట్టే ఎంజైమ్ ఒకటి ఉంటుంది. నాలుగైదు నిమిషాలు ఉడికితే చచ్చిపోయే పిరికి ఎంజైమ్ అది. పచ్చిగానే వారాల తరబడి పెడితే కుక్కకు ఆకలి పోయి, అడుగులు తడబడి, మెడ వాలిపోతుంది. తాగొచ్చిన మా పాలేరు మాదిరి నడుస్తుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్ల వేట నిషేధం గదా, ఆ 61 రోజులు సరుకు ఎక్కడెక్కడి ఐసు పెట్టెల్లోంచో వస్తుంది. అప్పుడు కానాగంతలు కొనండి. ఐసు కరిగి ఎండలో నాలుగు గంటలు ఉన్న కానాగంతలో హిస్టమిన్ ఊరి ఉంటుంది. అది ఉడకబెట్టినా పోదు, కాబట్టి పచ్చిదే పెట్టినా తేడా లేదు. నా సలహాల్లో పూర్తిగా నిజమైనది ఇదొక్కటే.

వలలోంచి పారేసిన చేపల్లో ముట్టుకుంటే బంతిలా ఉబ్బే చేప ఒకటి కనిపిస్తుంది. జాలర్లు దాన్ని ఇసక మీద వదిలేసి పోతారు. వాళ్ళు ఎందుకు వదిలేస్తారో ఆలోచించకండి. నేను ఒడ్డుకు తీసుకుపోయిన రోజు సీజర్ దాని దగ్గరికి పోయి మూతి పెట్టబోయాడు. వల సర్దుకుంటున్న ఒకామె తెడ్డు విసిరి వాణ్ణి తరిమింది. నన్ను చూసి, "ఏం నాయనా, కుక్కను చంపుకుంటానికి ఇంత దూరం తెచ్చావా? మా పాలెంలో కుక్కలకైనా నాలుగు కవళ్ళు ఉడకేసి గంజిలో కలిపి పోస్తాం," అంది. ఒడ్డున పుట్టి ఒడ్డున పెరిగిన మనిషి, ఆమెకేం తెలుసు డాలస్ సంగతి.

రొయ్య తలల గురించి నేను ఎక్కువ మాట్లాడను. నా చెరువు సరుకు మీద నాకు గౌరవం ఉంది. నిషేధించిన యాంటీబయాటిక్ ఆనవాలు దొరికితే యూరప్ రేవుల్లో కంటెయినర్లకు కంటెయినర్లు వెనక్కి తిప్పేస్తారు. ఆ పరీక్ష లేని గిన్నె మన సీజర్ గిన్నె ఒక్కటే.

తెచ్చినదాన్ని ఫ్రిజ్‌లో పాల గిన్నె మీద, మూత లేకుండా పెట్టండి. గడ్డ కట్టిస్తే పురుగులు కొన్ని చస్తాయి గానీ సాల్మొనెల్లా వంటి బాక్టీరియా నిద్రపోతుందంతే. బయటపెట్టి కరగనిస్తే లేచి కూర్చుంటుంది. కోసిన కత్తితోనే టమాటాలు తరగండి. కుక్క తిన్న మూతితో మనవడి చెంప నాకితే ముచ్చటపడండి. గమ్మత్తేమిటంటే చాలాసార్లు కుక్కకు ఏమీ కాదు. దానికి విరేచనం కూడా కాకుండానే వారాల తరబడి సాల్మొనెల్లాను మలంలో పంచిపెడుతుంది. పడకేసేది ఇంట్లో పసివాళ్ళు, ముసలివాళ్ళు. మేత కుక్కకు పెట్టి పరీక్ష ఇంటిల్లిపాదికీ పెట్టడం ఈ పద్ధతిలోని గొప్పతనం.

మా ఇంట్లో పరీక్ష సీజర్‌తోనే ఆగింది, మా అమ్మ పుణ్యం. ఇరవయ్యో రోజున వాంతులు, తర్వాత నెత్తురు విరేచనాలు. నెల్లూరులో ఒక డాక్టరమ్మ మూడు రోజులు సెలైన్ పెట్టింది. డ్రమ్ములోని కొవ్వు తోలు అంతా ఏం తిన్నాడో నేను చెబుతుంటే రాసుకుంటూ, మధ్యలో తలెత్తి, "మీరేం చేస్తుంటారు?" అంది. రొయ్యల చెరువులని చెప్పాను. "మీ రొయ్యకు ఇట్టాంటి మేత వేస్తారా?" అంది. నేను గోడ మీది కాలెండరు చూశాను.

మూడో రోజు రాత్రి అమ్మ ఉప్పు లేకుండా చికెన్ ముక్కలు ఉడకేసి, ఎముక తీసేసి, మెత్తటి అన్నంలో గుమ్మడికాయ ముక్కతో పిసికి తీసుకొచ్చింది. పులుసు చుక్క కూడా తగలనివ్వలేదు. ఉల్లిపాయ, వెల్లుల్లి కుక్క నెత్తురుకు చేటని డాక్టరమ్మ చెబితే, ఆ ముక్క అమ్మ తనంతట తనే గుర్తుపెట్టుకుంది. తోడేలు రెండు నిమిషాల్లో గిన్నె ఖాళీ చేసి, నా వైపు చూడకుండా అమ్మ కాళ్ళ దగ్గర పడుకుంది.

ఇంత చెప్పాక కూడా పచ్చి మేతే పెడతానంటే మీ ఇష్టం. ఒక్క పని మాత్రం ముందుగా చేయండి. బద్దెపురుగుకు కూడా పనిచేసే నట్టల మందేనా అని డాక్టర్ని అడిగి, మీ కుక్కకు ఎన్నాళ్ళకోసారి వెయ్యాలో ఆ తేదీలన్నీ కాలెండరు మీద రాసుకోండి. ఈ సలహా నాది కాదు, డాక్టరమ్మది.