టీమ్‌ని ఖాళీగా కూర్చోనివ్వండి

మీ ప్రాజెక్టు ఎజైల్‌కి మారుతోందని మెయిల్ వచ్చిందా? అయితే మొదటి వారంలోనే ఒక పని చెయ్యండి. ఎవరి చేతిలోనైనా పని అయిపోతే వెంటనే ఇంకో టికెట్ ఇవ్వకండి. ఖాళీగా కూర్చోనివ్వండి. పైవాళ్లకి ఇది మింగుడుపడదు, జీతం ఇస్తున్నది కూర్చోబెట్టడానికా అంటారు. అననివ్వండి. నేను చెప్పబోయే అన్నిట్లోకీ ఇదే ముఖ్యం.

లెక్క చూడండి. టీమ్ వారానికి సగటున 5 టికెట్లు పూర్తి చేస్తుందనుకుందాం. బోర్డు మీద 20 తెరిచి ఉంటే ఒక్కో టికెట్ మొదలై ముగియడానికి సగటున 4 వారాలు పడుతుంది. 10 మాత్రమే తెరిచి ఉంటే 2 వారాలు చాలు. మనుషులు వాళ్లే, వేగమూ అదే. క్యూలకు సంబంధించిన ఈ సూత్రాన్ని జాన్ లిటిల్ 1961లోనే నిరూపించాడు. కాన్‌బాన్ బోర్డులో ఒక్కో గడికీ ఇన్నే పట్టాలని అంకె రాసేది ఇందుకే.

ఇప్పుడు మీ బోర్డులో ‘టెస్టింగ్’ గడి చూడండి. కార్డులు అక్కడే పేరుకుపోయి ఉంటాయి. డెవలపర్లు నలుగురూ కోడ్ రాసి అటు తోసేసి కొత్తది అందుకుంటారు, టెస్టర్ ఒక్కతే. మూడు వారాల తర్వాత ఆమె ఒక బగ్ పట్టుకుంటే, రాసినవాడికి అదెందుకలా రాశాడో గుర్తుండదు. తన కోడ్‌నే మళ్లీ మొదటినుంచి చదువుకోవాలి. ఆ గడికి 3 అని అంకె వెయ్యండి. నాలుగోది పట్టదు కాబట్టి డెవలపర్ చేతులు కట్టుకుని కూర్చుంటాడు. ఒక పూట అటూ ఇటూ చూస్తాడు. మర్నాడు కుర్చీ లాక్కుని టెస్టర్ పక్కన చేరి, “ఎక్కడ ఆగిందక్కా?” అని అడుగుతాడు. టెస్ట్ డేటా తయారుచేసి పెడతాడు. ఆమె రోజూ చేత్తో చేసేదానికి స్క్రిప్టు రాసిస్తాడు. చేతినిండా పని ఉన్నవాడు ఆ కుర్చీ ఎప్పటికీ జరపడు.

స్ప్రింట్ అనే ఒక్కో విడతలో టీమ్ పూర్తిచేసే పనిని పాయింట్లలో కొలుస్తారు, దాన్నే వెలాసిటీ అంటారు. అది పడిపోతే పడిపోనివ్వండి. దాన్ని అప్రైజల్‌కి ముడిపెట్టిన రోజు నుంచి 3 పాయింట్ల పని 5 అవుతుంది, ఆర్నెల్లకి 8 అవుతుంది. గ్రాఫ్ పైకి పోతుంది గానీ క్లయింట్ చేతికి అందేది పెరగదు. 2001 ఫిబ్రవరిలో యూటాలోని స్నోబర్డ్‌లో ఎజైల్ మేనిఫెస్టో రాసిన 17 మందిలో రాన్ జెఫ్రీస్ ఒకరు. స్టోరీ పాయింట్లను బహుశా తనే కనిపెట్టానని, అదే నిజమైతే ఇప్పుడు విచారిస్తున్నానని ఆయనే రాసుకున్నారు. మీరు పాయింట్లు పూర్తిగా మానేసినా ఏమీ కాదు. టికెట్లను చిన్నచిన్నవిగా విడగొట్టి, పూర్తయినవి లెక్కపెట్టుకోండి.

స్ప్రింట్ చివర పని మిగిలితే మిగలనివ్వండి. శని ఆదివారాలు కూర్చుని లాగెయ్యకండి. స్ప్రింట్ పనిని హామీగా కాకుండా అంచనాగానే చూడాలని స్క్రమ్ గైడ్ 2011లోనే మార్చుకుంది. అంచనా తప్పిందని అందరికీ తెలియాలి. సెలవు రోజు తినేసి దాన్ని కప్పిపెడితే, వచ్చే స్ప్రింట్‌కి అదే దొంగలెక్క మీద మళ్లీ అంత పనీ నెత్తికెత్తుకుంటారు. వెనకబడ్డారని పైవాళ్లు బెంచ్ మీద నుంచి ఇద్దరిని పంపిస్తామంటారు. వద్దనండి. ఆలస్యమైన ప్రాజెక్టుకి మనుషుల్ని కలిపితే ఇంకా ఆలస్యమవుతుందని ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే చెప్పాడు.

స్టాండప్‌కి మేనేజర్ రాకపోవడమే మేలు. అది పనిచేసేవాళ్లు ఆ రోజు పనిని సర్దుకునే పావుగంట. ఆయన కూర్చుంటే అందరూ ఆయన మొహం చూసే మాట్లాడతారు.

డెమోలో మాత్రం విరిగినదాన్నే చూపించండి. రాత్రి తొమ్మిదిన్నరకి హైదరాబాద్ నుంచి న్యూయార్క్ కాల్ కలిపి, మెరిసే స్లయిడ్లు చూపించి గండం గట్టెక్కించడం మనవాళ్లకి బాగా అలవాటు. ఆ అలవాటు వదలండి. రీఫండ్ బటన్ నొక్కితే ఎర్రటి ఎర్రర్ వస్తోందా? క్లయింట్ కళ్లముందే నొక్కండి. “ఈ రిలీజ్‌కి రీఫండ్ అక్కర్లేదు, మా కాల్ సెంటర్ చూసుకుంటుంది” అనొచ్చు. మీకు రెండు వారాల పని తప్పుతుంది. చెయ్యనక్కర్లేని పనిని వీలైనంత మిగిల్చుకోవాలన్నది మేనిఫెస్టో వెనకున్న 12 సూత్రాల్లో ఒకటి. లేదా కోప్పడొచ్చు. ఆ కోపం రెండో వారంలో వస్తే ఒక టికెట్‌తో పోతుంది. చివర్లో వస్తే ఏమవుతుందో అమెరికా ప్రభుత్వం చూసింది. 2013 అక్టోబరు 1న ఆరోగ్య బీమా సైటు హెల్త్‌కేర్.గవ్ తెరిచిన రోజు ఇన్సూరెన్స్‌లో చేరగలిగింది 6 మంది. ఎన్నో కంపెనీలు విడివిడిగా కట్టిన ఆ సైటుని మొత్తంగా కలిపి పరీక్షించింది ఆఖరి రెండు వారాల్లోనే.

మేనేజర్లకి నా మనవి ఒక్కటే. రేపు ఆఫీసుకి వెళ్లగానే బోర్డు మీద ఎక్కువ కార్డులున్న గడికి ఒక అంకె వెయ్యండి. ఎవరెంత ఒత్తిడి చేసినా, పైనుంచి ఎంత పెద్దవాళ్లు ఫోన్ చేసినా రెండు నెలల దాకా దాన్ని మార్చకండి.