బావగారూ, మీ బండి...

మా మామగారి కంటి ఆపరేషన్ పావుగంటలో అయిపోయింది. చుక్కల మందు పూర్తయ్యేదాకా మా ఇంట్లోనే ఉండమన్నాం. ఇవాళ్టికి పదకొండో రోజు. పొద్దున కాఫీ దగ్గర్నించి రాత్రి మజ్జిగ దాకా మా వరండాలో ఒకటే పంచాయితీ: మా నాన్న 1978 బుల్లెట్ గొప్పదా, మామగారి 1971 జావా గొప్పదా.

వియ్యంకులు కదా, తిట్టుకోరు. తిట్టుకుంటే గంటలో తేలిపోయేది.

"బావగారూ, ఏమీ అనుకోకండి. ఒక్క సిలిండరుకి రెండు సైలెన్సర్లు దేనికండీ?"

"ఒక్క ముక్కుకి రెండు రంధ్రాలు దేనికండీ, బావగారూ?"

బుల్లెట్ ఇంగ్లండు పిల్ల, మద్రాసులో పెరిగింది. జావా చెకోస్లోవాకియా పిల్ల, మైసూరులో పెరిగింది. యానెచెక్ అనే ఆయన 1929లో వాండరర్ కంపెనీ లైసెన్సు పుచ్చుకుని మొదలెట్టాడట. రెండు పేర్లకీ ఇంగ్లీషు స్పెల్లింగులో మొదటి రెండేసి అక్షరాలు కలిపితే జావా. "వియ్యమంటే అదండీ" అంటారు మామగారు. "ఆ మైసూరు ఫ్యాక్టరీ 1996లోనే మూసేశారుగా" అంటాడు నాన్న. "మీ బండి కంపెనీని ఇంగ్లండు వాళ్లు 1970లోనే మూసేశారుగా!" ఆ యానెచెక్ ఆయుధాల వ్యాపారి. బుల్లెట్ కంపెనీ గుర్తు ఫిరంగి. పుట్టిళ్లు అలాంటివైతే వరండా ప్రశాంతంగా ఎలా ఉంటుంది?

మధ్యలో సాక్ష్యానికి నన్ను పిలుస్తారు. నాన్న వైపు మాట్లాడితే మా ఆవిడ చేతిలో గిన్నెలు మోగుతాయి. మామగారి వైపు మాట్లాడితే అమ్మ నాకు పెరుగు వడ్డించడం మర్చిపోతుంది.

అసలు ఈ రెండు బళ్ల మీదా నా కక్ష వేరే. అప్పటి బుల్లెట్‌కి గేర్లు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. జావాకి సరిగ్గా తిరగేసి. పైగా జావాలో గేరు కడ్డీనే పైకి తిప్పితే కిక్కు రాడ్డు. మా మామగారి తువ్వాలులాగా, ఒకటే వస్తువు అన్నిటికీ. నేను బండి నేర్చుకుంది బుల్లెట్ మీద. కొత్తల్లుడిగా మొదటి సంక్రాంతికి వెళ్లి, మా ఆవిడని వెనక కూర్చోబెట్టుకుని జావా తీశాను. ఊరి చివర గేదె అడ్డమొచ్చింది. బ్రేకనుకుని ఎడమకాలితో తొక్కాను. గేరు మారింది. కంగారులో మళ్లీ తొక్కాను. మళ్లీ గేరే మారింది. గేదె మాత్రం మారలేదు. పేడకుప్ప మెత్తగా ఉంది కాబట్టి ఈ కాపురం నిలబడింది. పాతికేళ్లు దాటినా ఆ జబ్బు వదల్లేదు. స్కూటీ మీద పోతుంటే కుక్క అడ్డమొస్తే చాలు, నా కాళ్లు రెండూ "నువ్వా? నేనా?" అని ఒకదాన్నొకటి అడుగుతాయి. స్కూటీకి కాళ్లతో పనే లేదు.

నిన్న సాయంత్రం వరండా నిశ్శబ్దంగా ఉంటే భయమేసి బయటికొచ్చాను. ఇద్దరూ మెట్లకింద ఉన్నారు. బుల్లెట్ మీది టార్పాలిన్ తీసి ఉంది. మామగారు నల్ల కళ్లద్దాలు ముక్కు మీదికి జార్చి, యాంపియర్ ముల్లు కేసి వంగి చూస్తున్నారు. కిక్కు కొట్టేవాళ్లే లేరు. బుల్లెట్ కిక్కు కుడి పక్క. నాన్నకి కుడి మోకాలు మార్చి రెండేళ్లయింది. జావా కిక్కు ఎడమ పక్క. మామగారిది ఎడమ మోకాలే అరిగింది. ఈ పదకొండు రోజుల వాదనలో ఈ ఒక్క మాటా ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు.

"అల్లుడుగారూ, ఒక్క కిక్కు కొట్టండి."

ముల్లు మధ్యకి తెచ్చి, డీకంప్రెసర్ నొక్కి, నాన్న చెప్పినట్టే కొట్టాను. ఆరో కిక్కుకి అందుకుంది. డబ్... డబ్... డబ్. నాన్న ట్యాంకు మీద చెయ్యి వేశాడు. మామగారు కళ్లు మూసుకుని విన్నారు.

"గుంటూరు వచ్చినప్పుడు మా దాన్ని కూడా ఒకసారి ఇలా కొట్టిపెట్టండి" అన్నారు, ఇంజను ఆపాక.

"అది స్టార్టయితే కదా, బావగారూ" అనాలి నాన్న. అనలేదు. టార్పాలిన్ రెండో కొస ఆయన చేతికి అందించాడు.